చీలనివ్వని ఓటు, మారని పద్ధతి

2019 అసెంబ్లీ ఎన్నికల్లో తెలుగుదేశం పార్టీకి 39.17 శాతం ఓట్లు వచ్చాయి. గెలిచినవి 23 సీట్లు. అయిదేళ్లు తిరిగేసరికి ఓడిపోవడం వైఎస్సార్‌ కాంగ్రెస్‌ వంతయింది. ఆ పార్టీకి 39.37 శాతం ఓట్లు పడ్డాయి. దక్కినవి 11 సీట్లు. ఓటమిలో ఇద్దరి బలమూ ఇంచుమించు ఒక్కటే: పోలైన ప్రతి అయిదు ఓట్లలో రెండు. అంత బలానికి 175 మంది సభలో ఒకసారి ఎనిమిదో వంతు, మరోసారి పదహారో వంతు చోటు దొరికింది.

ఓడినవాళ్లు ఏం చేశారో చూడండి. 2019 పోలింగుకు ముందూ వెనకా చంద్రబాబు నాయుడు ఈవీఎంల మీద పోరాడారు. వీవీప్యాట్‌ చీటీల్లో సగం లెక్కించాలంటూ ఇతర ప్రతిపక్షాలతో కలిసి సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. 2024లో ఓడిన జగన్‌మోహన్‌రెడ్డి బ్యాలెట్‌ పత్రాలే మేలన్నారు. ప్రతిపక్ష నేత హోదా కోసం స్పీకర్‌కు లేఖ రాసి, హైకోర్టు మెట్లెక్కారు. ఒకరు యంత్రాన్ని అనుమానించారు, ఇంకొకరు యంత్రంతో పాటు కుర్చీ గురించీ అడిగారు. 39 శాతం ఓట్లను 11 సీట్లుగా మార్చిన లెక్క జోలికి మాత్రం ఇద్దరూ పోలేదు.

పోరు. ఎందుకంటే 2019లో 49.95 శాతం ఓట్లకు 151 సీట్లు ఇచ్చిందీ, 2024లో కూటమికి వచ్చిన దాదాపు 55 శాతానికి 164 సీట్లు ఇచ్చిందీ అదే లెక్క. ఈసారి మునిగినా వచ్చేసారి తేలుతామన్న నమ్మకం ఉన్నంతకాలం ఏ పెద్ద పార్టీ అయినా దీన్ని మార్చమని ఎందుకు అడుగుతుంది? నియోజకవర్గంలో అందరికన్నా ఒక్క ఓటు ఎక్కువ తెచ్చుకున్నవారే విజేత అనే పద్ధతి ఉన్నచోట పోటీ చివరికి ఇద్దరి మధ్యకే చేరుతుందని ఫ్రెంచి రాజనీతి శాస్త్రవేత్త మారిస్‌ డువెర్జే 1950ల నాడే సూత్రీకరించాడు. దేశం మొత్తానికి ఆ సూత్రం సరిపోలేదు గానీ, ఆంధ్రప్రదేశ్‌కు అచ్చుగుద్దినట్టు సరిపోయింది.

ఆ సూత్రం పనిచేసేది ఓటరు బుర్రలోనే. మూడో పార్టీ అభ్యర్థి మంచివాడని ఊరంతా ఒప్పుకుంటుంది. పోలింగ్‌ ముందురోజు రాత్రి మాత్రం ‘ఆయనకేస్తే ఓటు మురిగిపోద్దిరా’ అన్న మాట ఎవరో ఒకరి నోట వస్తుంది. దాంతో ఇష్టమైనవారిని పక్కనపెట్టి, ఇష్టంలేని వారిని ఓడించగల వారెవరో వెతుక్కుంటారు. దీన్ని తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదని నా అభిప్రాయం. ఒకే ఒక్క మీట నొక్కే అవకాశం ఇచ్చి, ‘నీ మనసులో ఉన్నదంతా చెప్పు’ అంటే అతను మాత్రం ఏం చేస్తాడు? అసలు చిక్కు ఆ తర్వాత వస్తుంది.

ఆ లెక్క చూసుకోకపోతే ఏమవుతుందో 2009 చూపించింది. ఉమ్మడి రాష్ట్రంలో ప్రజారాజ్యం 16 శాతం పైచిలుకు ఓట్లు తెచ్చుకుని 294లో 18 సీట్లు గెలిచింది. లోక్‌సత్తాకు దక్కింది కూకట్‌పల్లి ఒక్కటే. సుమారు 36.5 శాతం ఓట్లతో కాంగ్రెస్‌ 156 సీట్లు గెలిచి అధికారం నిలబెట్టుకుంది. వ్యతిరేక ఓటు చీలడమే అప్పటి ముఖ్యమంత్రి వైఎస్‌ను గట్టెక్కించిందని ఆ రోజుల్లో టీ కొట్టు దగ్గర నుంచి టీవీ చర్చ దాకా అందరిదీ ఒకే మాట. రెండేళ్లకే ప్రజారాజ్యం కాంగ్రెస్‌లో కలిసిపోయింది. ఆ 16 శాతంలో మార్పు కోసం ఓటేసినవారికి చివరికి మిగిలిందేమిటో వారినే అడగాలి. ఆ ఎన్నికల్లో గెలిచిన నాయకుల్లో దామాషా ప్రాతినిధ్యం గురించి ఏళ్ల తరబడి మాట్లాడినవారిలో లోక్‌సత్తా నేత జయప్రకాశ్‌ నారాయణ ఒకరు. ఆయన వాదన సభలో వాదనగానే ఉండిపోయింది.

జనసేన కథ ఇంకా స్పష్టం. 2019లో సుమారు 5.5 శాతం ఓట్లు, ఒకే సీటు, అదీ రాజోలు. పార్టీ అధినేత గాజువాక, భీమవరం రెండుచోట్లా ఓడారు. 2022 మార్చి 14న ఇప్పటం సభలో పవన్‌ కల్యాణ్‌ ప్రభుత్వ వ్యతిరేక ఓటును చీలనివ్వనని ప్రకటించింది ఆ దెబ్బ గుర్తుండే. 2024లో పొత్తులో ముందు 24 సీట్లన్నారు. బీజేపీ రాకతో అవి 21కి తగ్గాయి. ‘ఇంతేనా’ అని కార్యకర్తలు నొచ్చుకున్నారు. తీరా ఫలితాల నాడు పోటీ చేసిన 21 చోట్లా గెలిచారు. రాష్ట్రం మొత్తం మీద ఓట్లు 7 శాతానికి లోపే. అంటే ఒకటిన్నర శాతం కూడా పెరగని ఓటు ఒక సీటును ఇరవై ఒకటి చేసింది. గొప్ప ఎత్తుగడ, కాదనలేం.

అయితే గమనించాల్సింది ఏమిటంటే, ఇక్కడ ఎత్తుగడ ఓటు వేసింది ఓటరు కాదు, పార్టీ. వందకు పైగా నియోజకవర్గాల్లో జనసేన అభిమానికి తన గుర్తే కనిపించలేదు. పార్టీలు పైన కూర్చుని ఓట్లను టోకుగా ఇచ్చిపుచ్చుకున్నాయి. బేరంలో సీట్లు, ఆ తర్వాత పదవులు మాట్లాడుకున్నాయి. ఎన్నికల పద్ధతి మారాలన్న షరతు ఆ బేరంలో ఎక్కడా లేదు. ఆ పద్ధతి వల్ల అందరికన్నా ఎక్కువ నష్టపోయిన పార్టీయే, పొత్తుతో అందరికన్నా ఎక్కువ లాభపడి, ఇక దాన్ని మార్చమని అడగాల్సిన అవసరం లేని స్థితికి చేరింది. రెండు పార్టీల వ్యవస్థ తనను తాను కాపాడుకునే తీరు ఇదే. సంస్కరణ కోరాల్సినవాడిని ఓడిస్తుంది, లేదంటే గెలిపించి నోరు మూయిస్తుంది.

ఇష్టం లేకపోయినా వేసే ఓటు ఒకరకంగా చేబదులు లాంటిది. నోటు రాయించుకోకుండా ఇస్తే వసూలుకు వెళ్లినప్పుడు ‘ఎప్పుడిచ్చావు, ఎందుకిచ్చావు’ అంటారు. ఈ మాట ఊరికే అనడం లేదు. కెనడాలో అక్షరాలా అదే జరిగింది.

2015లో స్టీఫెన్‌ హార్పర్‌ ప్రభుత్వాన్ని దించాలని పట్టుదలగా ఉన్నవారు అక్కడ రెండు మూడు పార్టీల మధ్య చెదిరి ఉన్నారు. లిబరల్‌ నేత జస్టిన్‌ ట్రూడో వారికి ఒక మాట ఇచ్చారు: ఈ పాత పద్ధతిలో జరిగే ఆఖరి ఎన్నికలు ఇవే. న్యూ డెమొక్రటిక్‌ పార్టీ (ఎన్డీపీ), గ్రీన్‌ పార్టీ మద్దతుదారులు చాలామంది ఆ మాట విని, ఆ పూటకు లిబరల్స్‌కు ఓటేశారు. 39.5 శాతం ఓట్లతో 338లో 184 సీట్లు వచ్చాయి. పార్లమెంటరీ కమిటీ వేశారు, దేశమంతా తిరిగి వాదనలు విన్నారు. దామాషా పద్ధతి మీద ప్రజాభిప్రాయ సేకరణ జరపాలని కమిటీ సిఫారసు కూడా చేసింది. 2017 ఫిబ్రవరి 1న ప్రభుత్వం ఆ పని తమ ఎజెండాలో లేదని తేల్చేసింది. తనను గద్దెనెక్కించిన లెక్కను ట్రూడో వదులుకోలేకపోయారు. 2025 జనవరిలో రాజీనామా ప్రకటిస్తూ, ఓటరు ఒకే పత్రం మీద రెండో ఇష్టం, మూడో ఇష్టం చెప్పుకునేలా ఎన్నికల పద్ధతిని మార్చలేకపోయానన్న విచారం తనకు ఉందన్నారు. నాలుగు నెలలలోపే జరిగిన ఎన్నికల్లో కన్జర్వేటివ్‌లను ఆపాలని ఎన్డీపీ ఓటర్లు మళ్లీ లిబరల్స్‌ వైపు తరలారు. అంతకుముందు 25 సీట్లున్న ఎన్డీపీకి 7 మిగిలాయి. పదేళ్ల కింద ఇచ్చిన బదులు తీరకముందే మళ్లీ బదులిచ్చారన్నమాట.

కెనడాలోనే మరో కథ ఉంది, మనకు ఇంకా దగ్గరిది. పసిఫిక్‌ తీరంలోని బ్రిటిష్‌ కొలంబియా రాష్ట్రం. అక్కడా రెండు పార్టీలదే రాజ్యం: ఆ రోజుల్లో లిబరల్స్‌, ఎన్డీపీ. 1996లో లిబరల్స్‌కు 41.8 శాతం ఓట్లు, ఎన్డీపీకి 39.5 శాతం ఓట్లు వచ్చాయి. సీట్లు మాత్రం ఎన్డీపీకి 39, లిబరల్స్‌కు 33. ఎక్కువ ఓట్లు తెచ్చుకుని ప్రతిపక్షంలో కూర్చున్న లిబరల్‌ నేత గార్డన్‌ క్యాంప్‌బెల్‌, గెలిస్తే ఎన్నికల పద్ధతిని సామాన్య పౌరుల చేత సమీక్షింపజేస్తానని హామీ ఇచ్చాడు. 2001లో గెలిచాడు, ఎలాగంటే 57.6 శాతం ఓట్లతో 79కి 77 సీట్లు. ఎదుట ఇద్దరే సభ్యులు. మన 164, 11 దాని ముందు మర్యాదగానే కనిపిస్తాయి.

అంత మెజారిటీ చేతిలో ఉన్నవాడు ఆ హామీని గాలికొదిలేస్తాడనే ఎవరైనా అనుకుంటారు. క్యాంప్‌బెల్‌ వదల్లేదు. ప్రతి నియోజకవర్గం నుంచి ఒక పురుషుడు, ఒక స్త్రీ, వారితో పాటు ఆదివాసుల నుంచి ఇద్దరు, మొత్తం 160 మందిని లాటరీ తీసి ఎంపిక చేశారు. పార్టీల మనుషులు కారు, మేధావులని పేరు పడ్డవారూ కారు. వారు 2004లో నెలల తరబడి శనాదివారాలు కూర్చుని రకరకాల పద్ధతులను చదివారు, ఊరూరా సభలు పెట్టి జనం మాట విన్నారు. చివరికి భారీ మెజారిటీతో ఒక పద్ధతిని సిఫారసు చేశారు: ఒక్కో పెద్ద నియోజకవర్గానికి పలువురు సభ్యులు, ఓటరు అభ్యర్థులకు 1, 2, 3 అని అంకెలు వేయడం. మన రాజ్యసభ సభ్యులను ఎమ్మెల్యేలు ఎన్నుకునేది ఈ పద్ధతిలోనే.

2005 మే 17న ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది. కొత్త పద్ధతికి అనుకూలంగా 57.7 శాతం. 79 నియోజకవర్గాల్లో 77 చోట్ల మెజారిటీ. అయినా ఓడిపోయింది. మార్పు రావాలంటే 60 శాతం కావాలని ప్రభుత్వం ముందే గీత గీసింది. 57.6 శాతం ఓట్లు, 77 నియోజకవర్గాలు ఒక పార్టీకి దాదాపు ఎదురులేని అధికారాన్ని ఇవ్వడానికి సరిపోయాయి. అంతకన్నా ఒక పిసరు ఎక్కువ మంది, సరిగ్గా అన్నే చోట్ల, ఆ పద్ధతి వద్దంటే సరిపోలేదు. కల్పన రాసేవాడు ఇలా రాస్తే అతి అంటాం.

నాలుగేళ్లకు మళ్లీ అడిగారు. ఈసారి మద్దతు 39 శాతానికి పడిపోయింది. 2018లో మూడోసారి అడిగితే జనం మళ్లీ పాత పద్ధతికే ఓటేశారు. అడిగే విధానం మారింది, ప్రచారం బలహీనపడింది అని కారణాలు చెబుతారు. నాకు కనిపించే కారణం వేరు. 2005 ఎన్నికల్లోనే ఎన్డీపీ రెండు సీట్ల నుంచి 33కు లేచింది. దెబ్బ తిన్నవాడు కోలుకున్నాడు, కోలుకోగానే దెబ్బ మరిచాడు. సంస్కరణకు అనువైన కాలం చాలా కొద్ది. ఆ లెక్కన ఆంధ్రప్రదేశ్‌లో ఆ కాలం ఇప్పుడే నడుస్తోంది. వచ్చే ఎన్నికల్లో ఊపు మారితే అది కాస్తా అయిపోతుంది.

మరి పెద్ద పార్టీలు రెండూ ఉండగానే పద్ధతిని మార్చుకున్న దేశం లేదా అంటే న్యూజీలాండ్‌ ఉంది. 1978లోనూ 1981లోనూ అక్కడ లేబర్‌ పార్టీకి ఎక్కువ ఓట్లు వచ్చి కూడా ఓడింది. 1981లో సోషల్‌ క్రెడిట్‌ అనే మూడో పార్టీకి 20.7 శాతం ఓట్లు వస్తే రెండు సీట్లు దక్కాయి. లేబర్‌ అధికారంలోకి వచ్చాక 1985లో రాయల్‌ కమిషన్‌ వేసింది. దామాషా కలగలిసిన పద్ధతి మేలని మరుసటి ఏడాది కమిషన్‌ చెప్పింది. పార్టీల్లో చాలామందికి అది మింగుడుపడలేదు. అయితే 1987 ఎన్నికల టీవీ చర్చలో ప్రధాని డేవిడ్‌ లాంగీ ప్రజాభిప్రాయ సేకరణ జరుపుతామని మాట ఇచ్చేశాడు. సొంత పార్టీవారే ఉలిక్కిపడ్డారు. గెలిచాక లేబర్‌ ఆ మాట నిలుపుకోలేదు. ‘మాట తప్పారు, మేమైతే జరిపి చూపిస్తాం’ అంటూ 1990లో నేషనల్‌ పార్టీ నేత జిమ్‌ బోల్జర్‌ ఎత్తిపొడిచాడు. గెలిచాక ఇక వెనక్కి తగ్గలేకపోయాడు.

అక్కడ జరిగిన మేలు ఇదే. ఒకరిని ఒకరు ఇరికించబోయి ఇద్దరూ ఇరుక్కున్నారు. ఈలోగా రెండు పార్టీల మీదా జనానికి ఒళ్లు మండుతోంది. ఒకరు చెప్పకుండా ప్రభుత్వ ఆస్తులు అమ్మారు, ఇంకొకరు వచ్చి సంక్షేమంలో కోత పెట్టారు. 1992లో ముందు సలహా కోసం అడిగితే 84.7 శాతం మార్పు కావాలన్నారు. వ్యాపార వర్గాలు డబ్బు కుమ్మరించి వ్యతిరేక ప్రచారం చేసినా 1993లో 53.9 శాతంతో కొత్త పద్ధతి నెగ్గింది. అక్కడ 60 శాతం గీత ఎవరూ గీయలేదు. బ్రిటిష్‌ కొలంబియాలో 57.7 ఓడింది, న్యూజీలాండ్‌లో 53.9 గెలిచింది. సంస్కరణ కోరేవారు హామీతో పాటు దాని కింద సన్నటి అక్షరాల్లో ఉన్న షరతులనూ చదవాలనడానికి ఇంతకన్నా రుజువేం కావాలి?

కొత్త పద్ధతి వస్తే ఎత్తుగడ ఓటు మాయమైపోతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. న్యూజీలాండ్‌లో ఓటరుకు రెండు ఓట్లు, ఒకటి పార్టీకి, ఒకటి స్థానిక అభ్యర్థికి. అయిదు శాతం పార్టీ ఓట్లు రాని పార్టీ కూడా ఒక్క స్థానిక సీటు గెలిస్తే దామాషా వాటాకు అర్హత పొందుతుంది. 2011 నవంబరులో ప్రధాని, నేషనల్‌ పార్టీ నేత జాన్‌ కీ తమ చిన్న మిత్రపక్షమైన యాక్ట్‌ పార్టీ అభ్యర్థి జాన్‌ బ్యాంక్స్‌తో కలిసి ఆక్లండ్‌లోని ఒక కెఫేలో టీ తాగాడు, విలేకరులందరినీ పిలిచి మరీ. ఎప్సమ్‌ నియోజకవర్గంలోని తమ ఓటర్లకు అది సైగ: స్థానిక ఓటు మన అభ్యర్థికి కాదు, ఈయనకు వేయండి. బల్ల మీద ఉండిపోయిన ఒక రికార్డర్‌లో వారి మాటలు నమోదై పెద్ద రభస అయింది. బ్యాంక్స్‌ గెలిచాడు. అక్కడా ఎత్తుగడలే, కాకపోతే తేడా ఒకటుంది. ఎప్సమ్‌లో నేషనల్‌ అభిమాని పార్టీ ఓటు అతని సొంత పార్టీకే దక్కింది. తన మనసు చెప్పుకోవడం, లెక్క చూసుకోవడం రెండూ కుదిరాయి.

ఇవన్నీ తెల్లవాళ్ల సంపన్న దేశాల ముచ్చట్లు, మనకెక్కడ కుదురుతాయి అనేవారికి మన ఇంటి చరిత్రే గుర్తుచేయాలి. 1969 రాష్ట్రపతి ఎన్నిక. ఒకవైపు నీలం సంజీవరెడ్డి, మరోవైపు వి.వి. గిరి, ఇద్దరూ తెలుగువారే. మూడో ప్రధాన అభ్యర్థి సి.డి. దేశ్‌ముఖ్‌. జనసంఘ్‌, స్వతంత్ర పార్టీల రెండో ప్రాధాన్య ఓట్లు సంజీవరెడ్డికి వేయించాలని కాంగ్రెస్‌లోని పాత నేతల బృందం ‘సిండికేట్‌’ మంతనాలు జరిపింది; దాన్నే సాకుగా చేసుకుని ఇందిరాగాంధీ అంతరాత్మ ప్రబోధం మేరకు ఓటేయమన్నారు. మొదటి లెక్కలో గిరికి 4,01,515, సంజీవరెడ్డికి 3,13,548, దేశ్‌ముఖ్‌కు 1,12,769. సగానికి మించి ఎవరికీ రాలేదు. రెండో ప్రాధాన్యాలు కలిపేసరికి గిరి 4,20,077, సంజీవరెడ్డి 4,05,427. దాదాపు 88 వేల తేడా 15 వేలలోపుకు కుంచించుకుపోయింది. రెండో ప్రాధాన్య ఓట్లతో తేలిన రాష్ట్రపతి ఎన్నిక మన చరిత్రలో అదొక్కటే.

గిరికి ఎన్నికల పద్ధతితో అంతకుముందే ఒక చేదు అనుభవం ఉంది. 1957లో ఆయన పార్వతీపురం లోక్‌సభ స్థానంలో పోటీ చేశారు. అది ద్విసభ్య నియోజకవర్గం, ఒకటి ఎస్టీలకు రిజర్వు, ఒకటి జనరల్‌. ఇద్దరు ఎస్టీ అభ్యర్థులకే ఎక్కువ ఓట్లు రావడంతో రిజర్వు సీటుతో పాటు జనరల్‌ సీటూ ఎస్టీ అభ్యర్థికే దక్కి, గిరి ఓడిపోయారు. జనరల్‌ సీటు గెలిచిన సూరిదొర ఎన్నికను ఆయన సవాలు చేస్తూ సుప్రీంకోర్టు దాకా వెళ్లినా ఫలితం మారలేదు. 1961లో పార్లమెంటు ద్విసభ్య నియోజకవర్గాలనే రద్దు చేసింది. మామూలు చట్టంతోనే. అంటే ఒక నియోజకవర్గానికి ఒక్కరే ఉండాలన్నది రాజ్యాంగం చెక్కిన శిలాశాసనం కాదు.

మన పట్టభద్రులకు ఈ అంకెల ఓటు బాగా తెలుసు. ఎమ్మెల్సీ ఎన్నికల పోలింగ్‌ కేంద్రంలో దుప్పటంత బ్యాలెట్‌ పత్రం చేతికిస్తారు. 2021లో నల్గొండ–ఖమ్మం–వరంగల్‌ స్థానానికి 71 మంది పోటీ, హైదరాబాద్‌ స్థానానికి 93 మంది. అక్కడిచ్చిన ఊదారంగు స్కెచ్‌ పెన్నుతోనే అంకె వేయాలి. టిక్కు పెడితే చెల్లదు, సంతకం చేస్తే చెల్లదు, ‘ఒకటి’ అని అక్షరాల్లో రాసినా చెల్లదు. లెక్కింపులో ముందు చెల్లనివి ఏరేస్తారు. మిగిలినవాటిలో సగానికి ఒకటి కలిపితే గెలుపు కోటా. ఎవరూ కోటా అందుకోకపోతే అట్టడుగున ఉన్న అభ్యర్థిని తొలగించి, ఆయన కట్ట విప్పి, ఒక్కో పత్రం మీద రెండో అంకె ఎవరికుందో చూసి ఆ పెట్టెలో వేస్తారు. తర్వాత ఆ పైవారు. నల్గొండ లెక్కింపు నాలుగు రోజులు సాగింది. వేలల్లో చెల్లని ఓట్లు, అదీ డిగ్రీలు చేసినవారివి! దామాషా పద్ధతికి విస్తృత అక్షరాస్యత కావాలని 1949 జనవరిలో రాజ్యాంగ సభలో అంబేడ్కర్‌ అభ్యంతరం చెప్పారు. డిగ్రీకీ అంకె సరిగ్గా వేయడానికీ సంబంధం లేదని మన పట్టభద్రులు ఆయనకు సరదాగా జవాబిచ్చినట్టుంది. ఆయన చెప్పిన రెండో కారణం, ప్రభుత్వాల స్థిరత్వం, ఇప్పటికీ బరువైనదే.

2023 మార్చిలో పశ్చిమ రాయలసీమ పట్టభద్రుల స్థానంలో జరిగింది ఈ వ్యాసానికి ఆయువుపట్టు. వామపక్ష ఉపాధ్యాయ, ఉద్యోగ సంఘాల బలమున్న పీడీఎఫ్‌, తెలుగుదేశం రెండూ పోటీలో ఉన్నాయి. ఎవరూ తప్పుకోలేదు, సీట్లు పంచుకోలేదు. రెండో ప్రాధాన్యం పరస్పరం వేసుకోవాలని మాత్రం అనుకున్నాయి. మొదటి ప్రాధాన్యంలో 151 మంది ఎమ్మెల్యేలున్న పాలకపక్షం అభ్యర్థే ముందున్నారు. కట్టలు విప్పుతూ పోయేసరికి ఏడు వేల పైచిలుకు తేడాతో తెలుగుదేశం అభ్యర్థి భూమిరెడ్డి రాంగోపాల్‌రెడ్డి గెలిచారు. పీడీఎఫ్‌కు ఓటేసినవారు తమ అభ్యర్థి పక్కనే 1 వేసుకున్నారు, అధికార పార్టీ వద్దనుకుని 2 ఇంకొకరికి వేశారు. ఒక్క ఏడాది తర్వాత అసెంబ్లీ ఎన్నికల్లో అదే పని చేయడానికి ఒక పార్టీ మొత్తం రాష్ట్రంలో ఎనిమిదో వంతు సీట్లకు పరిమితం కావాల్సి వచ్చింది.

ఇక్కడ ఒక మాట తేటగా చెప్పుకోవాలి. మన చర్చల్లో తరచూ కలగాపులగం అయ్యేది ఇదే. అంకెల ఓటు చీలిక భయాన్ని తీరుస్తుంది. ఓట్లకూ సీట్లకూ ఉన్న అగాధాన్ని పూడ్చదు. 2024లో అంకెలు వేయించినా 55, 39 తేడా ఉన్నచోట కూటమికి ఇంచుమించు అన్నే సీట్లు వచ్చేవి. అగాధం పూడాలంటే ఒక్కో నియోజకవర్గం నుంచి పలువురు రావాలి. మనకు దానికి ముడిసరుకు సిద్ధంగా ఉంది: 25 లోక్‌సభ స్థానాలు, ఒక్కోదాని కింద ఏడు అసెంబ్లీ సీట్లు. ఆ ఏడింటినీ ఒకే నియోజకవర్గం చేసి అంకెల ఓటు పెడితే, ఎనిమిదో వంతు, అంటే 12.5 శాతం ఓట్లు దాటినవారికల్లా ఒక సీటు. సగటున 39 శాతానికి మూడు, 55 శాతానికి నాలుగు. రాష్ట్రమంతా లెక్కేస్తే ఓడినవారికి 75 దాకా, గెలిచినవారికి 100. ఇది సరాసరి లెక్కే. కడపలో ఒకలా, గోదావరి జిల్లాల్లో ఇంకోలా ఉంటుంది. అయినా 23, 11 అనే అంకెలు రెండుసార్లూ 75 చుట్టుపక్కలే ఉండేవి. ప్రభుత్వం మెజారిటీతోనే ఉండేది, అంబేడ్కర్‌ బెంగపడ్డ స్థిరత్వం కూడా చెడేది కాదు. ‘మన ఎమ్మెల్యే’ అన్న ఒక్క మనిషి ఉండడనే అభ్యంతరం నిజమే. పింఛను ఆగినవాడు ప్రత్యర్థి పార్టీ ఎమ్మెల్యే గడప తొక్కలేక తిరిగిపోయే ఊళ్లు చూసినవారికి, ఏడుగురిలో తమ పార్టీ మనిషి ఒకరుండటం నష్టంగా తోచదనుకుంటాను.

అది పార్లమెంటు తలచుకోవాల్సిన పని, రాష్ట్రం చేతిలో లేదు. అమెరికాలోని మెయిన్‌లో 2016లో చేసినట్టు ప్రజలే సంతకాలు సేకరించి చట్టాన్ని ఓటింగుకు పెట్టే వీలూ మనకు లేదు. అందుకని చేతులు ముడుచుకుని కూర్చోనక్కర్లేదు. పురపాలక ఎన్నికల నిర్వహణకు చట్టం చేసే అధికారం రాజ్యాంగం 243 జడ్‌ఏ అధికరణ ద్వారా రాష్ట్ర శాసనసభకు ఇచ్చింది. పోటీదారుకు ఇద్దరు పిల్లలకు మించకూడదన్న నిబంధనను ఆంధ్రప్రదేశ్‌ అసెంబ్లీ 2024 నవంబరులో తీసేసింది కదా, అలాగే వార్డు ఓటరు అభ్యర్థులకు అంకెలు వేయొచ్చని ఒక సవరణ చాలు. ఈవీఎంలలో అంకెలు వేయడం కుదరదన్న సాకు కూడా నిలవదు. 2020లో గ్రేటర్‌ హైదరాబాద్‌, 2021లో ఆంధ్రప్రదేశ్‌ పురపాలక ఎన్నికలు జరిగింది బ్యాలెట్‌ పత్రాల మీదే. వార్డులో 71 మంది పోటీ చేయరు, అయిదారుగురే ఉంటారు. నాలుగో తరగతి చదివినవారు కూడా 1, 2, 3 వేయగలరు.

అడగాల్సిన సమయం మాత్రం పొత్తు ఖరారు కాకముందే. సీట్ల సంఖ్య మీద రాత్రిళ్లు బేరమాడే చిన్న పార్టీలు, వామపక్షాలు, సంఘాలు ఆ కాగితం మీద ఈ ఒక్క సవరణ కూడా రాయించుకోవచ్చు, అదీ ఏ తేదీలోగా, ఎంత మెజారిటీతో అన్నది సహా. 11 మంది ఉన్న పార్టీ రేపు ఒక ప్రైవేటు మెంబరు బిల్లు పెట్టినా పెట్టొచ్చు. నెగ్గదు, కానీ 39.17 శాతంతో 23 దగ్గర ఆగిన రోజు గుర్తున్న అధికార పక్షం లేచి దాన్ని ఎలా వ్యతిరేకిస్తుందో సభ రికార్డుల్లోకి ఎక్కుతుంది. అందుకు ముందు ఆ 11 మంది సభకు రావాలి.